జన్మకి చెంచాడు

జూన్ 9, సోమవారం

పరీక్ష పీఠం పాడై ఇవాళ్టికి నాలుగో రోజు. పిడుగు పడ్డప్పటి నుంచీ దాని అద్దం నల్లగా ఉండిపోయింది. బాగుచేసేవాడు, ఊరికి ఉప్పు శుద్ధిచేసే ఉప్పు ఇంట్లో పని తెమిలాక గానీ రానన్నాడు. అందాకా పెదమెట్ట ఆరోగ్య కేంద్రమంటే నేనూ, నా రెండు చేతులూ, ఒక పాత స్టెతస్కోపూ. యంత్రం పని చెయ్యనప్పుడు కాగితం మీద రాయాలని నిబంధన ఉంది కాబట్టి ఈ నోటు పుస్తకం తెరిచాను.

ఇవాళ బడిపిల్లల తనిఖీ. మామూలుగా ఒక్కొక్కరే వచ్చి పీఠం మీద కూర్చుంటారు, పచ్చదీపం వెలుగుతుంది, లేచి పోతారు. గంటలో అయిపోతుంది. ఇవాళ మాత్రం నేనే తాకి చూడాల్సి వచ్చింది. కళ్లు, నాలుక, గోళ్లు, మెడ. పీఠం వచ్చి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఒక పిల్ల మెడ మీద చెయ్యి వేసిన గుర్తు లేదు నాకు.

పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలు ముప్పై ఒక్కమంది. వాళ్లలో పద్నాలుగు మందికి మెడ ముందు వాపు ఉంది. గుటక వెయ్యమంటే అది పైకీ కిందకీ కదులుతోంది. నొప్పి లేదంటున్నారు. ఒక పిల్లయితే "మా అందరికీ ఉంటాది గదండీ" అంది, చెవులకి రంధ్రాలున్నట్టు.

ముందు నా వేళ్లనే అనుమానించాను. యాభై నాలుగేళ్ల వేళ్లు, అలవాటు తప్పినవి. రెండోసారి చూశాను. పద్నాలుగే.

మధ్యాహ్నం విశ్రాంతి సైరన్ మోగగానే పడుకున్నాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఈ విశ్రాంతి గంట. ఇప్పుడు రెండున్నర గంటలు. ఎవరూ అడగలేదు, అదే పెరుగుతూ వచ్చింది. లేచేసరికి ఒళ్లంతా తడిసిన గోనెసంచిలా బరువుగా ఉంది. జూన్ నెలలో దుప్పటి కప్పుకుని పడుకునే ఊరు ఇంకెక్కడైనా ఉంటుందా?

జూన్ 11

సోమలింగం వచ్చి పీఠం బాగుచేశాడు. మా ఆయన తమ్ముడు. ఉప్పు ఇంటికి పెద్ద, యంత్రాలన్నిటికీ వైద్యుడు. ఎండాకాలం, చలికాలం అని లేదు, ఎప్పుడూ మెడకి తుండుగుడ్డ చుట్టుకునే ఉంటాడు.

ఆ పద్నాలుగు మంది పిల్లల్నీ మళ్లీ పిలిపించి కూర్చోబెట్టాను. అందరికీ పచ్చదీపమే. థైరాయిడ్ సాధారణం, ఎదుగుదల సాధారణం, అన్నీ సాధారణం.

"మరిదీ, ఈ సాధారణం అనేది దీనికి ఎవరు చెప్పారు?" అని అడిగాను.

"ఎవరూ చెప్పక్కర్లేదొదినా. వెనకటి అయిదేళ్లలో దీనిమీద కూర్చున్నోళ్ల లెక్కలన్నీ కలిపి సగటు తీసుకుంటాది. ఆ సగటే సాధారణం. ఏటేటా అదే సర్దుకుంటాది."

"ఎవరి లెక్కలు?"

"మనయే. పెదమెట్టోళ్లయి. బయటోళ్లెవరున్నారిక్కడ?"

మనమందరం ఒకేసారి కొంచెం కొంచెం కుంగుతూ వస్తే యంత్రం కూడా మనతోపాటే కుంగుతుందన్నమాట. తుండుగుడ్డ తియ్యమన్నాను. మొహమాటపడ్డాడు. ఆఖరికి తీశాడు. కోడిగుడ్డంత ఉంది.

"నాలుగేళ్లయింది. నొప్పేటీ లేదు. చూడ్డానికి బాగోదని కట్టుకుంటాను, అంతే" అన్నాడు.

జూన్ 13

బడికి వెళ్లాను. రూతమ్మ టీచరు నాకంటే ఏడాది ముందు పెదమెట్టలో ఉద్యోగంలో చేరింది. పిల్లలెలా చదువుతున్నారని అడిగితే, బోధన తెర చూపించి "చూడు, అందరికీ నూటికి డెబ్బై పైనే" అంది. తర్వాత తలుపు వేసి వచ్చింది.

"పైడమ్మా, నీతో ఒక మాట. ఎవరితో అనాలో తెలీక ఊరుకున్నాను. పదేళ్ల కిందట రెండో తరగతికి చెప్పిన ఎక్కాలు ఇప్పుడు నాలుగో తరగతికి చెబుతున్నాను. పిల్లలు అందుకోకపోతే తెరే పాఠం తేలిక చేసేస్తుంది. నేను ముసలిదాన్నై సరిగ్గా చెప్పలేకపోతున్నానేమో అనుకున్నాను. రాజీనామా రాసి పెట్టుకున్నాను కూడా."

నిజంగానే రాసి పెట్టుకుంది. సొరుగులోంచి తీసి చూపించింది.

"చింపెయ్" అన్నాను.

వస్తూ దారిలో రెండుసార్లు కూర్చున్నాను. బడికీ నా కేంద్రానికీ మధ్య మూడొందల అడుగులుంటాయి.

జూన్ 16

దాలమ్మ వచ్చింది. ఇరవై ఆరేళ్ల మనిషి, అంతస్తుల పొలంలో మంచుసాగు పని. వేళ్లు గాల్లో వేలాడుతుంటే మందునీటి ఆవిరి కొట్టి క్యాబేజీ, కర్రపెండలం పండిస్తారక్కడ. పెదమెట్ట తినేదంతా ఆ హాళ్లలోదే. చంకలో కూతురు హైమ. ఆరేళ్లొచ్చినా ఇంకా చంకలోనే.

హైమ సరిగ్గా నిలబడదు. పిలిస్తే తిరగదు. అమ్మ మొహం చూసి నవ్వుతుంది. నా చేతుల్లోనే పుట్టింది. పుట్టినప్పుడు ఏడవలేదు. పీఠం అప్పుడూ పచ్చగానే వెలిగింది.

"నర్సమ్మా, నెల తప్పి రెండో నెల నడుస్తోంది" అంది దాలమ్మ. నేను సంతోషం కనబరిచేలోపే అడిగింది. "ఇది కూడా హైమలాగే అవుతాదా? నిజం చెప్పండి. మా అత్త నన్ను తిడతాది, నేను గ్రహణం నాడు కూర తరిగానని. నేను తరగలేదండీ."

"నువ్వేం చెయ్యలేదు" అన్నాను. అంతవరకు మాత్రం నాకు తెలుసు.

ఆమె మెడ చూశాను. నిండుగా ఉంది, ముత్యాల దండ కింద కనపడకుండా దాచుకుంది. నాడి నెమ్మది. చర్మం పొడి. కాన్పు జనవరిలో.

జూన్ 19, గురువారం

శిక్షణ నాటి పాత పుస్తకం చెదలు తిన్నంత తినగా మిగిలింది. మూడు రోజులు వెతికితే ఆ పేజీ దొరికింది. చదివాక, ఇంత చిన్న సంగతి ఎలా మరిచిపోయానా అనిపించింది.

అయోడిన్. మెడలోని గ్రంథికి అది కావాలి. లేకపోతే గ్రంథి వాచి వాచి వెతుక్కుంటుంది. మనిషి చల్లబడతాడు, మందగిస్తాడు, అలిసిపోతాడు. పెద్దవాళ్లకి అంతే. తల్లి కడుపులో ఉన్న బిడ్డకి మొదటి నెలల్లో అందకపోతే మెదడు పూర్తిగా కట్టుకోదు, చెవి కట్టుకోదు. తర్వాత ఎంత పోసినా తిరిగి రాదు. ఒక మనిషికి జన్మంతటికీ కలిపి కావలసింది చెంచాడు.

కొండమట్టిలో ఉండేది వానలకి ఎప్పుడో కొట్టుకుపోయింది. మొక్కకి దానితో పనిలేదు, అందుకే మంచుసాగు మందునీళ్లలో వెయ్యరు. ఇక మిగిలింది ఉప్పు.

ఉప్పు ఇంటికి వెళ్లాను. సోమలింగం గింజ గింజా తెల్లగా, అద్దం పొడిలా ఉన్న ఉప్పుని సంచుల్లోకి దింపుతున్నాడు. "ఇందులో ఏముంది?" అన్నాను. "ఉప్పే ఉంది. ఇంకేటీ లేదు. అంత శుద్ధం" అన్నాడు గర్వంగా.

"అయోడిన్ కలిపేవాళ్లు కదా ఇదివరకు? డ్రమ్ములు వచ్చేవి."

"పదకొండేళ్లయింది, మానేసి."

"ఎవరు మాన్పించారు?" కోపంగానే అడిగాను.

సోమలింగం నా మొహం చూసి, చేతులు తుడుచుకుని, అలమారలోంచి ఒక పాత ఫైలు తీశాడు. తెరిచి నా ముందు పెట్టి పక్కకి తిరిగి నిలబడ్డాడు.

నాలుగు వాక్యాలు. చివరి రెండూ ఇవి. గత పన్నెండేళ్లుగా పెదమెట్టలో గొంతువాపు కేసు ఒక్కటీ నమోదు కాలేదు. ఉప్పులో అయోడిన్ కలపడం ఇకపై అవసరం లేదని నా అభిప్రాయం. కింద బి. పైడితల్లి, ఆరోగ్య కార్యకర్త. నా సంతకమే.

ఆ ఏడు కొండచరియ విరిగి ఘాట్ రోడ్డు తెగింది. వానలు తగ్గాక ఏడాదికి ఒకే బండి చుట్టుదారిన వస్తుందన్నారు. పిల్లలు నిమోనియాతో పోతున్న రోజులవి. బండిలో యాంటీబయోటిక్ పెట్టెలు ఎక్కించాలా, అయోడిన్ డ్రమ్ములా అని కమిటీ నన్ను అడిగింది. నేను పెట్టెలన్నాను. డ్రమ్ములు ఎందుకు అక్కర్లేదో రాసిమ్మంటే రాసిచ్చాను. రోడ్డు బాగయ్యాక మళ్లీ తెప్పించుకోవచ్చనుకున్నాను. తర్వాత రోడ్డు బాగవలేదు, నాకు గుర్తూ రాలేదు. పన్నెండేళ్లు కేసు ఒక్కటీ ఎందుకు రాలేదో ఆ రోజు ఆలోచించి ఉంటే చాలు. ఉప్పులో అయోడిన్ ఉంది కాబట్టి రాలేదు.

"ఈ కాగితం సంగతి నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలీదొదినా" అన్నాడు సోమలింగం. "పైకి తియ్యకు. రోడ్డు తెగింది, ఆగిపోయింది. అంతే."

ఆ కాగితం తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాను. అలసటా, సిగ్గా? రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

జూన్ 24

కమిటీ కూర్చుంది, సోమలింగం కూడా ఉన్నాడు. ప్రెసిడెంటు అప్పల్నరసయ్య గారు నేను చెప్పిందంతా విని ఒకటే ప్రశ్న వేశారు. "పీఠం ఏమంటోందమ్మా?"

"పచ్చగానే ఉందండి."

"మరింక?"

వాదించే ఓపిక లేదు. తొమ్మిది గ్లాసులతో నీళ్లు తెప్పించాను. "అందరూ మెడ మీద రెండు వేళ్లు పెట్టుకోండి. ఇప్పుడు గుటక వెయ్యండి" అన్నాను. నవ్వుకుంటూ వేశారు. అయిదుగురి నవ్వులు మధ్యలో ఆగిపోయాయి. ప్రెసిడెంటు గారు రెండోసారి నీళ్లు తాగారు, మూడోసారి తాగారు. తర్వాత చెయ్యి తియ్యలేదు.

"ఎప్పుడు ఆపేశారు? ఎవరు ఆపారు?" అన్నారు.

నోరు తెరిచాను. సోమలింగం నాకంటే ముందు అందుకున్నాడు. "రోడ్డు తెగినప్పుడు ఆగిందండి." నేను నోరు మూసుకున్నాను. ఇది కూడా రాసిపెడుతున్నాను. నేను నోరు మూసుకున్నాను.

ఓడరేవుకి రేడియోలో అడిగారు. డ్రమ్ము ఉందట, వానలు పోయాక నవంబరులో పంపుతారట. నవంబరుకి దాలమ్మకి ఏడో నెల వస్తుంది. అప్పుడు ఇచ్చి ఏం లాభం?

తీరంలో పడవలవాళ్లున్నారు, వాళ్లయితే రేవుకి పోయి నెలన్నరలో తెస్తారు, అందాకా వాళ్ల దగ్గర ఎండుచేప దొరుకుతుంది, సముద్రపు చేపలో అయోడిన్ ఉంటుంది అన్నాను. తలలన్నీ అడ్డంగా ఊగాయి.

కొత్తగా పుట్టిన వాళ్లకి తెలియదేమో గానీ ఆ గదిలో ఉన్న వాళ్లందరికీ తెలుసు. సముద్రం మా ఊళ్ల మీదకి వచ్చి నలభై ఒక్కేళ్లు. అప్పుడు నాకు పదమూడు. అమ్మా, ఇద్దరు తమ్ముళ్లూ నీళ్లలోనే ఉండిపోయారు. కొండెక్కి వచ్చిన మొదటి ఏడే పెద్దలు తీర్మానం రాశారు. మనవాళ్లున్న నీళ్లలో తిరిగే ప్రాణిని మనం తినం. ఆ తర్వాత ఎవరూ తినలేదు.

"డ్రమ్ము తెప్పించు. చేప మాత్రం భోజనశాలలోకి రాదు" అన్నారు ప్రెసిడెంటు గారు. ఆ మాట ఆయన కోపంతో అనలేదు. బతిమాలుతున్నట్టే అన్నారు.

జూలై 4

రెండు రోజులు దిగితే తీరం. నాతో దాలమ్మ మొగుడు సన్యాసిరావు వచ్చాడు. ముప్పై ఏళ్లు లేవు, ఫర్లాంగుకోసారి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. వాన. ఇద్దరం మాట్లాడుకున్నది తక్కువ. ఒకసారి మాత్రం అడిగాడు. "చేప తింటే మా ఆవిడ కడుపులో పిల్లకి మంచిదవుతాదా అమ్మా, ఖాయంగా?" ఖాయంగా అని చెప్పలేనన్నాను. "పోనీ పదండి" అని లేచాడు.

నీళ్లు కనిపించగానే నా కాళ్లు ఆగిపోయాయి. నలభై ఒక్కేళ్ల తర్వాత చూడటం. కరెంటు స్తంభాల తలలు వరుసగా నీళ్లలోంచి పైకి పొడుచుకుని ఉన్నాయి. ఆ వరుస ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. అటు చూడకుండా పడవల వైపు నడిచాను.

మాసేనమ్మ అని, డెబ్బై దాటిన మనిషి, పడవలవాళ్ల పెద్ద. మెడ చూశాను ముందు. సన్నగా, ముడతలతో, నునుపుగా ఉంది. అక్కడున్న ఎవరి మెడా వాచి లేదు. ఆమె మనవరాలికి ఆరేళ్లు. పడవ అంచుమీద పరిగెడుతోంది. నన్ను చూసి ఆగకుండా అడిగింది. "నువ్వు కొండమీద మనిసివా? అక్కడ పులులున్నాయా? నీ సంచిలో ఏటుంది? నీ జుట్టు ఎందుకు రాలిపోయింది? నేను ఎనిమిదో ఎక్కం సెప్తాను, ఇంటావా?"

సన్యాసిరావు ఆ పిల్లనే చూస్తూ నిలబడ్డాడు. ఎక్కం అంతా విన్నాడు. తర్వాత పడవ చాటుకి పోయాడు. వెనక్కి వచ్చేసరికి మొహం కడుక్కుని ఉన్నాడు. వాళ్ల హైమకీ ఆరే.

మాసేనమ్మ కొడుకు కాలికి చీము పట్టిన గాయం ఉంది. శుభ్రం చేసి కట్టు కట్టాను, తెచ్చిన మందులు ఇచ్చాను. ఆమె రెండు బుట్టల ఎండుచేప కట్టించింది. డ్రమ్ము కోసం తన పెద్ద పడవే పంపుతానంది.

"మీరు మా సేపలు తినరని ఇన్నాను సెల్లీ" అంది.

"మావాళ్లు ఉన్నారు ఈ నీళ్లలో" అన్నాను.

"మావోళ్లూ ఉన్నారు" అంది మాసేనమ్మ. బుట్టలకి తాడు బిగించడం ఆపలేదు.

జూలై 8, మంగళవారం

ఎక్కడానికి మూడున్నర రోజులు పట్టింది.

భోజనశాలలోకి తేవద్దన్నారు కాబట్టి వాకిట్లో రాళ్ల పొయ్యి పెట్టాను. పులుసు ఎలా పెట్టాలో అమ్మ చేస్తుంటే చూసిన గుర్తు తప్ప వండినది లేదు. వాసన లేచేసరికి ఊరంతా చుట్టూ చేరింది. ముసలివాళ్లలో కొందరు ముక్కు మూసుకున్నారు. ఒకాయన మాత్రం కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు.

ముందు నేను తిన్నాను. మొదటి ముద్ద గొంతు దిగలేదు. అమ్మ చెయ్యి, చిన్నతమ్ముడి మొలతాడు, అన్నీ వచ్చి అడ్డం పడ్డాయి. నీళ్లు తాగి దింపాను. రెండో ముద్ద తిన్నాను. అందరూ చూస్తుండగా కంచం ఖాళీ చేశాను. మళ్లీ వడ్డించి, కడుపుతో ఉన్న వాళ్లూ, కొత్తగా పెళ్లైన వాళ్లూ ఎవరైనా రండి అన్నాను.

ఎవరూ కదల్లేదు.

దాలమ్మ వచ్చింది. అత్త అచ్చియ్యమ్మ ఆమె జబ్బ పట్టుకుంది. "సిగ్గులేదటే? మా అయ్య ఉన్నాడే ఆ నీళ్లలో!"

దాలమ్మ చెయ్యి విడిపించుకోలేదు. "ఉన్నాడత్తా. నేనూ ఎరుగుదును. కోపమొస్తే నాతోటి చెప్పమను, నేను పడతాను" అంది. అలా అత్త చెయ్యి జబ్బ మీద ఉండగానే కింద కూర్చుని కంచం అందుకుంది. తింటూ ఏడ్చింది. అచ్చియ్యమ్మ కాసేపు నిలబడి, తర్వాత ఆమె కూడా పక్కనే చతికిలబడింది. తినలేదు. ముళ్లు తీసి కోడలి కంచంలో వేస్తూ కూర్చుంది.

సాయంత్రానికి ఇంకో ఏడుగురు తిన్నారు. ప్రెసిడెంటు గారు దూరం నుంచి చూసి లోపలికి పోయారు.

సెప్టెంబర్ 3

డ్రమ్ము వచ్చింది. మాసేనమ్మ పడవ నుంచి మావాళ్లు పన్నెండు మంది వంతులేసుకుని మోశారు. నీలం మూత, లోపల తెల్లటి పొడి, ఉప్పుని పరీక్షించే చుక్కల సీసాలు. ఊరంతటికీ నాలుగైదేళ్లకి సరిపోతుంది.

సోమలింగం కలపడం మొదలుపెట్టాడు. ఉప్పు మీద చుక్క వేస్తే నీలం రంగు తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నాకు మాత్రం ఇంటికి పోయి పడుకోవాలనిపించింది.

అక్టోబర్ 20

వాపులు అంత తొందరగా తగ్గవు. సోమలింగానిది తగ్గకపోవచ్చు, కోసి తియ్యాలేమో. కానీ నిన్న విశ్రాంతి సైరన్ మోగినా అంతస్తుల పొలంలో నలుగురు ఆడవాళ్లు పని ఆపలేదట. నిద్ర రాలేదట. ఆ సంగతి నాకు చెప్పడానికి భయపడుతూ వచ్చారు, ఏదో రోగమని.

పీఠం చూపే సాధారణాన్ని కొట్టేసి, పాత పుస్తకంలోని అంకెలు ఎక్కించమన్నాను. ఎక్కించాక పెదమెట్టలో సగం మందికి ఎర్రదీపం వెలిగింది. జనం గోల పెట్టారు. నన్ను తిట్టారు. తిట్టనివ్వండి.

జనవరి 17

తెల్లవారి ఆరున్నరకి దాలమ్మ ప్రసవించింది. మగబిడ్డ. మూడు కిలోలకి కొంచెం తక్కువ.

ఏడిచాడు. బయట నిలబడ్డ సన్యాసిరావుకి తలుపు మూసున్నా వినిపించేంత గట్టిగా ఏడిచాడు. నేను పరీక్షలన్నీ చేశాను. నాలుక, బొడ్డు, ఒంటి వేడి, కాళ్ల బిగువు. చెవి దగ్గర గిన్నె మీద గరిటెతో కొట్టాను. ఉలిక్కిపడి చేతులు చాచాడు. మళ్లీ కొట్టాను. మళ్లీ ఉలిక్కిపడ్డాడు. మూడోసారి కొట్టబోతే అచ్చియ్యమ్మ గరిటె లాక్కుంది. "సాలమ్మా! పసిగుడ్డు బెదిరిపోతాడు."

ఒక్క రోజు బిడ్డని చూసి అంతా చెప్పలేం. ఏడాది ఆగాలి, రెండేళ్లు ఆగాలి. అయినా ఆ ఏడుపు విన్నాక నాకు కూర్చోవాలనిపించలేదు.

జనవరి 23

బొడ్డు చూడ్డానికి దాలమ్మ ఇంటికి వెళ్లాను. బిడ్డ పాలు తాగుతున్నాడు. హైమ చాప మీద కూర్చుని తమ్ముడి కాలి వేళ్లు లాగుతోంది. కొత్త ఉప్పు మొదలయ్యాక హైమ గోడ పట్టుకుని నిలబడుతోంది. మొహంలో కాస్త తేట వచ్చింది. వినికిడి మాత్రం రాదు, మిగతాది కూడా పెద్దగా రాదు.

దాలమ్మ పిల్లలిద్దర్నీ చూసింది.

"నర్సమ్మా, ఇంత చిన్న మందు. ఉప్పులో చిటికెడు. ఇది హైమ కడుపులో ఉన్నప్పుడు ఎందుకు లేదండీ?"

రోడ్డు తెగింది అనొచ్చు. అందరూ అదే అనుకుంటున్నారు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"నా వల్ల లేదు" అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. మొదటి నుంచీ చెప్పాను. బండి, పెట్టెలు, కాగితం, నాలుగు వాక్యాలు, సంతకం. కమిటీలో నోరు మూసుకున్నది కూడా చెప్పాను. నిమోనియా సంగతి రెండోసారి చెప్పబోయి ఆగాను. అది నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పబోయిన మాట.

దాలమ్మ అరవలేదు. బిడ్డని రొమ్ము నుంచి తీసి భుజాన వేసుకుంది. రెండో చేత్తో హైమని దగ్గరికి లాక్కుంది.

"మా అత్త ఆరేళ్లు నన్ను అంది" అంది. "గ్రహణం అంది, నడక అంది, నా పుట్టిల్లు అంది. మీరు వచ్చి చూసి పోయేవారు. మందులిచ్చేవారు."

"అప్పుడు నాకు తెలీదు దాలమ్మా."

"జూన్ నెల నుంచీ తెలుసు గదా."

వెళ్లిపొమ్మంది. వచ్చేశాను. ఆ సాయంత్రమే ప్రెసిడెంటు గారి దగ్గరికి పోయి కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివి, "ఇంకో నర్సు లేదు కదమ్మా మనకి" అన్నారు. అది క్షమించడం కాదు. లెక్క చూసి చెప్పడం.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఊరందరికీ తెలిసింది. కొందరు మొహం తిప్పుకుంటున్నారు. రూతమ్మ మాత్రం రోజూ వచ్చి కాసేపు కూర్చుని పోతోంది. దాలమ్మ నెల నుంచీ కేంద్రానికి రాలేదు. బిడ్డని అచ్చియ్యమ్మ తెచ్చి బరువు తూయించుకుని పోతోంది.

సంచి కట్టే ముందు ఉప్పుని ఎవరో ఒకరు పరీక్షించాలని, ఆ మనిషి ఉప్పు ఇంటి మనిషీ కాకూడదు, ఆరోగ్య కేంద్రం మనిషీ కాకూడదని కమిటీ తీర్మానించింది. మూడు వారాలు ఎవరూ ముందుకు రాలేదు.

ఇవాళ పొద్దున్న నేను ఉప్పు ఇంటికి వెళ్లేసరికి దాలమ్మ అక్కడుంది. బిడ్డని వీపుకి కట్టుకుని, హైమని సంచుల మీద కూర్చోబెట్టి, చుక్కల సీసా చేత్తో పట్టుకుని ఉంది.

నన్ను చూసింది. "మీ మీద నాకు కోపం పోలేదు" అంది. "పోతాదని కూడా చెప్పలేను. పని నేర్పండి."

నేర్పాను. ఎక్కడి నుంచి ఉప్పు తియ్యాలి, ఎన్ని చుక్కలు వెయ్యాలి, ఎంతసేపు ఆగాలి. ఒకసారి చెబితే పట్టుకుంది. మొదటి సంచి నీలం తిరిగింది. రెండోది తిరిగింది. అయిదోది సన్నగా, నీళ్లు కలిపిన రంగులో ఆగిపోయింది.

"కొంచెం తక్కువేలే అమ్మా, అదేం కాదు" అన్నాడు సోమలింగం. "మధ్యాహ్నం పంపకం ఉంది. జనం నిలబడి ఉంటారు."

దాలమ్మ ఆ రంగు వైపు చూసింది. మళ్లీ ఉప్పు తీసి మళ్లీ చుక్క వేసింది. అదే రంగు.

"ఇది ఎల్లదు" అంది.

"దాలమ్మా, ఒక్క సంచి..."

"ఎల్లదు. మళ్లీ కలపండి."

సోమలింగం సాయం కోసం నా వైపు చూశాడు. నేను దాలమ్మ వైపు చెయ్యి చూపించాను. అతను గొణుక్కుంటూ సంచి విప్పి, ఉప్పంతా కలిపే యంత్రం తొట్టిలో తిరిగి పోశాడు. దాలమ్మ బిడ్డని సర్దుకుని తొట్టి పక్కనే పీట వేసుకుని కూర్చుంది, అది తిరగడం పూర్తయ్యేదాకా లేవనన్నట్టు.